ఖాళీ దొడ్ల ఇండెంటు

మా పశువుల దవాఖాన డాక్టరు సారు పోయారన్న కబురు ఎండాకాలం మొదట్లో, జడ్చర్ల బస్సులో నిలబడి ఉండగా తెలిసింది. అటెండరు ఫోన్ చేసి, "సారు పోయిండు మేడం. గుండె ఆగిందట" అని పెట్టేశాడు.

ఆయన దగ్గర సహాయకురాలిగా చేరాక నేను నేర్చుకున్న మొదటి పని ఇండెంటు. అంటే వానాకాలానికి గొర్రెల టీకా ఎంత కావాలో ముందే పై ఆఫీసుకు రాయడం. ఆ రాత ఎండాకాలంలోనే జరగాలి. అప్పుడేమో మా ఊళ్ల మందలన్నీ మేత కోసం కృష్ణ ఒడ్డుకు పోయి ఉంటాయి. కంటితో చూసినవే రాయమని పైవాళ్ల ఉత్తర్వు. ఇంతకన్నా తెలివైన ఏర్పాటు నేనెక్కడా చూడలేదు.

సారు ఖాళీ దొడ్డి ముందు నిలబడి, ఇంటి దగ్గర మిగిలిన ముసలమ్మను "మందేదవ్వా?" అని అడిగేవారు.

"మేతకు పోయింది సారూ. వాన పడంగనే వస్తది."

వచ్చే మందకు సరిపడా రాసేవారు. పైన కొట్టేసేవారు. మళ్లీ రాసేవారు. ఒకసారి స్వయంగా వెళ్లి అడిగి, తిరిగొచ్చి చెంబెడు నీళ్లు తాగి, "కండ్లవడని గొర్రెకు రోగం రాదంటున్నరమ్మా" అని నవ్వారు. నాకు మాత్రం ఒళ్లు మండింది.

తొలకరి పచ్చికతో పాటే చిటుకు రోగం వచ్చేది. పొద్దున ఆ లేత గడ్డిని ఆత్రంగా మేసిన గొర్రె సాయంత్రానికి కొట్టుకుని చచ్చేది. దానికి వేసే టీకా సగం మందలకే అయిపోయేది. అప్పుడు సారు లోపల కూర్చునేవారు కాదు. మిగిలినవాళ్ల ముందుకు వెళ్లి, "ఒడిసింది. రాసిన, రాలేదు" అని చెప్పి తిట్లు తినేవారు. నేను అడ్డం పోతే, "తిట్టనియ్యమ్మా. గొర్రె పోయినోడు ఇంకెవల్ని తిడతడు" అనేవారు. అలాంటి మనిషి దగ్గర పని నేర్చుకోవడం నా అదృష్టం.

ఈ ఏడు ఇండెంటు ఆయన రాసినట్టే నేను రాశాను. ఆయనకు చేసినట్టే నాకూ పైన కొట్టేశారు. వానలు పడ్డాయి, మందలు దిగాయి, టీకా అయిపోయింది. టీకా కోసం వచ్చి, సారు పోయిన సంగతి అప్పుడే విన్న ఒక ముసలి కాపరి దవాఖాన మెట్ల మీద చాలాసేపు కూర్చుండిపోయాడు.

"సారున్నప్పుడు కూడా చాలలేదు తాతా" అన్నాను, లోపలి నుంచే.

"ఎరుకే బిడ్డా. చాలలేదని మా ముంగటికొచ్చి చెప్పెటోడు."

లేచి బయటికి వెళ్లాను. "ఒడిసింది తాతా" అన్నాను. ఆయన తిట్టలేదు. తల ఊపి మంద దగ్గరికి నడిచాడు. రోడ్డు పక్కన వేలెడు గడ్డి మొలిచింది. ఎండాకాలమంతా మేత కోసం నడిచి నడిచి చిక్కిన గొర్రెలు దాని మీదికి గుంజుకుంటున్నాయి. ఆయన వంగి, ఒక్కొక్క మూతినీ గడ్డిలోంచి వెనక్కి తోస్తున్నాడు.