సుబేదార్ ఆంటీకి లైసెన్స్ ఉందా?

ఆ రోజుల్లో, అంటే మరీ తాతల కాలం కాదు, మెట్రోలో జనమంతా ఫోన్లలోకి తలలు దూర్చుకుని కూర్చునే కాలమే, ఢిల్లీలో కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లకు కావలసినవి ఒక గది, రెండు పూటలా తిండి, ఒక మంచి చలికోటు అనుకునేదాన్ని. అన్నిటికంటే ముఖ్యం కారున్న ఎదురింటివాళ్ళేనని ద్వారకాలో కాపురం పెట్టాకే తెలిసింది. తెనాలి నుంచి పెట్టే బేడాతో దిగిన నాకు ఆ భాగ్యం అడక్కుండానే దొరికింది. మా ఎదురు ఫ్లాటులో సుబేదార్ ఆంటీ ఉండేవారు. (నిజానికి సైన్యంలో సుబేదారుగా చేసి రిటైరైంది ఆవిడ భర్త. ఆ హోదా ఇంట్లో ఎవరిదన్న విషయంలో మాత్రం మా అపార్టుమెంటులో ఎవరికీ అనుమానం లేదు.) ఆ దంపతులిద్దరిదీ శ్రీకాకుళం వైపు. ఆ ఏడు అంకుల్‌కి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి చచ్చుబడింది. ఆ చేతికి వ్యాయామాలు చేయించడానికి ఆంటీ ఆయన్ని రోజు మార్చి రోజు కంటోన్మెంటులోని సైనికాసుపత్రికి తమ చిన్న తెల్ల కారులో తీసుకెళ్ళేవారు. పోతూ పోతూ నన్ను ధౌలా కువాన్ మెట్రో దగ్గర దింపేవారు.

ఆంటీ కారు నడపడం చూసి తీరాలి. చెప్పులు విప్పి సీటు కింద పెట్టేవారు. కొంగు నడుముకి చుట్టి బిగించేవారు. కళ్ళు సగం మూసి ఏదో స్మరించుకుని తాళం తిప్పేవారు. ఆ తరవాత ఇక ఢిల్లీ ఆవిడది. ఏ బస్సు డ్రైవరైనా అడ్డంగా దూరితే మిగతావాళ్ళలా హారన్ మోగించేవారు కాదు, అద్దం దించి అచ్చమైన శ్రీకాకుళం తెలుగులో "ఎల్లు నాయినా ఎల్లు, నీ పెళ్ళికి ఆలీసమైపోతంది కావాల" అనేవారు. ఆ హర్యానా డ్రైవరుకు ఏం అర్థమయ్యేదో గానీ బస్సు వెనక్కి తగ్గేది! వానలో నీళ్ళు నిండిన అండర్‌పాసు ముందు పెద్ద పెద్ద కార్లు బిక్కమొహాలు వేసుకుని ఆగిపోతే మా తెల్ల కారు నెమ్మదిగా, ఎక్కడా ఆగకుండా అవతలి ఒడ్డు చేరేది. సైకిలు తొక్కడం కూడా సరిగా రాని నేను వెనక సీట్లో నోరు తెరుచుకుని కూర్చునేదాన్ని. ఇప్పటికీ నాకు ధైర్యం అనే మాట వినబడితే స్టీరింగు మీద ఆవిడ ఆకుపచ్చ గాజులే కనబడతాయి.

అలాంటి ఆంటీ మీద మా సెక్రటరీ అంకుల్ ఒకరోజు లిఫ్టులో బాంబు వేశాడు. అపార్టుమెంటు సంఘానికి ఆయనే కార్యదర్శి, ఆయనే కోర్టు, ఆయనే పోలీసు. "బేటీ, ఆంటీ కే పాస్ లైసెన్స్ నహీ హై" అన్నాడు గొంతు తగ్గించి, ఆంటీకి లైసెన్సు లేదని. ఆయన కంటోన్మెంటు వైపు పోతుంటే తన కళ్ళతో చూశాడట. ఆంటీ సైనికాసుపత్రి గేటుకి కాస్త ముందు కారు ఆపి, దిగి, అంకుల్‌తో సీటు మార్చుకున్నారట. అదీ ఒకసారి కాదు, చూసినప్పుడల్లా. "పోలీసు భయం కాకపోతే ఎందుకు మారతారు? చెప్పు" అన్నాడు. నిజమే, నాకూ అనుమానం పట్టుకుంది. ఆదివారం మీటింగులో, కారును అపార్టుమెంటులోకి రానిచ్చే స్టిక్కరు రద్దు చేయిస్తాడట, అవసరమైతే ఠాణాకి కూడా చెబుతాడట. "మీరూ మీరూ ఆంధ్రావాళ్ళు కదా, నువ్వు కనుక్కుని చెప్పు" అని నాకు గూఢచారి ఉద్యోగం ఇచ్చి ఆయన రెండో అంతస్తులో దిగిపోయాడు. కారు ఆగిపోతే నేను ఆటోలో ఏడుస్తూ పోతాను, అది పెద్ద విషయం కాదు. అంకుల్ చెయ్యి ఏం కాను? అప్పుడప్పుడే వేళ్ళు కదులుతున్నాయి. ఇప్పుడు వ్యాయామాలు ఆగితే ఆ చెయ్యి ఇక అంతేనని డాక్టరు చెప్పాడని ఆంటీ మా అమ్మతో ఫోనులో అనడం నేను విన్నాను.

అడగాలి. కానీ ఎలా? పొద్దున్నే పెసరట్టు పెట్టి, కారెక్కించుకుని తీసుకెళ్ళే మనిషిని "మీకు లైసెన్సు ఉందా" అని ఏ మొహంతో అడుగుతాం? నా తెలివినంతా ఉపయోగించి ఫోటోల దారి పట్టాను. "చూడండి ఆంటీ, నా ఆధార్ కార్డులో ఫోటో ఎంత దరిద్రంగా ఉందో" అని ముందు సీటుకి అందించాను. ఆవిడ సిగ్నలు దగ్గర ఆగినప్పుడు చూసి పగలబడి నవ్వారు. "నీది నయ్యం పాపా. నా లైసెన్సులో బొమ్మ సూస్తే పిల్లలు దడుసుకుంటారు" అన్నారు. ఆహా, దొరికింది అనుకుని "ఏదీ, చూపించండి" అన్నాను. "బండి తోల్తుంటే బొమ్మలేటి? సిగ్నలు పడిపోనాది" అని గేరు మార్చేశారు. పక్క సీట్లో అంకుల్ మాత్రం నవ్వలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. అది చూసి నాలోని గూఢచారి 'సరే, ఏదో ఉంది' అని రాసుకుంది.

శుక్రవారం నాడు ధౌలా కువాన్ దగ్గర దిగలేదు. ఆఫీసుకు ఆలస్యంగా వెళ్ళొచ్చు, మీతో ఆసుపత్రి దాకా వస్తానన్నాను. ఆంటీ ఒక్కసారి అద్దంలోంచి నన్ను చూసి బండి ముందుకు పోనిచ్చారు. గేటు ఇంకా కాస్త దూరం ఉందనగా కారు పక్కకు తీసి ఆపారు. సెక్రటరీ అంకుల్ చెప్పినట్టే జరిగింది. ఆంటీ దిగారు, అంకుల్ కర్ర ఊనుకుంటూ చుట్టూ తిరిగి వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నారు. 'అయ్యో ఆంటీ, నిజమేనా' అనుకున్నాను.

"ఏటి పాపా అలా గుడ్లప్పగించి సూస్తన్నావు?" అన్నారు ఆంటీ ఎడమవైపు సీట్లో కూర్చుని, చెయ్యి హ్యాండ్‌బ్రేకు మీద వేసి. "గేటు దాటినంతసేపూ స్టీరింగు మీ అంకులు సేతిలో ఉండాల. నేకపోతే మంచం దిగరు. ఆ గేటు కాడ కుర్రాళ్ళు ఆయన పాత పల్టనోళ్ళు. పెళ్ళాం తోల్తుంటే పక్కన కూకుని ఎల్తే ఆళ్ళు ఏటనుకుంటారని ఈయన బెంగ. అదొక్కటీ ఒప్పుకుంటేనే ఆస్పత్రికొస్తారు. ఏటి సెయ్యమంటావు?" అంకుల్ చెవులు ఎర్రబడ్డాయి. ఆయన ఎడమచెయ్యి ఒక్కటే స్టీరింగు మీద ఉండగా, కారు మొదటి గేరులోనే పెళ్ళినడక నడుస్తూ కదిలింది.

పట్టుమని పది గజాలు పోలేదు, చెట్టు చాటు నుంచి ట్రాఫిక్ పోలీసు చెయ్యి చాపాడు. "లైసెన్స్ దిఖాయియే." ఆంటీ చటుక్కున పర్సు తెరిచి తన లైసెన్సు అందించారు. నేను ముందుకు వంగి చూశాను. అసలు సిసలు లైసెన్సు, తేదీ కూడా దాటలేదు! (ఫోటో గురించి ఆవిడ చెప్పింది కూడా అబద్ధం కాదు.) పోలీసు దాన్ని చూసి "మేడమ్, ఆప్ కా నహీ, సాబ్ కా" అన్నాడు, స్టీరింగు ముందున్న అంకుల్‌ది కావాలని. జబ్బు చేశాక అంకుల్ లైసెన్సు గడువు దాటిపోయిందని, డాక్టరు వద్దన్నాడని మళ్ళీ తీసుకోలేదని నాకు అప్పటికి తెలియదు. ఆంటీ మెల్లగా "సుబేదార్నని సెప్పండి" అన్నారు. అంకుల్ తల అడ్డంగా ఊపారు. "తప్పు సేసినోడు ర్యాంకు సెప్పకూడదే" అని ఆవిడతో అని, పోలీసు వైపు తిరిగి వీపు నిటారుగా పెట్టి, "నహీ హై, బేటా. గల్తీ మేరీ హై" అన్నారు. లేదు, తప్పు నాదేనని అంత పెద్దమనిషి అంత చిన్న మాట అంత శుభ్రంగా చెప్పడం నేను అంతకుముందు ఎక్కడా వినలేదు. పోలీసు కుర్రాడే ఇబ్బంది పడి తల గోక్కున్నాడు. అయినా చలాన్ రాశాడు. బండి ఆంటీ నడిపితేనే వదులుతానన్నాడు.

మళ్ళీ సీట్లు మారాయి. "ఇంటికి తిప్పు" అన్నారు అంకుల్. ఆంటీ చెప్పులు విప్పి, కొంగు బిగించి, బండిని నేరుగా గేటు వైపు పోనిచ్చారు. "నేను రానన్నాను గదా" అని ఆయన గొంతు పెంచారు. "సేతికి మందు గేటుకవతల ఉంటే ఇంటికెల్లి ఏటి సేస్తారు?" అన్నారు ఆవిడ. ఆయన కిటికీ వైపు తిరిగి, మఫ్లరు ముక్కుదాకా లాక్కుని, ఎవరో తెలియని మనిషిలా కూర్చున్నారు. నేను వెనక నా టిఫిన్ డబ్బా గట్టిగా పట్టుకున్నాను.

గేటు దగ్గర తుపాకీ జవాను డ్రైవరు వైపు వచ్చాడు. ఆంటీని చూశాడు. ఆవిడ మీదుగా అవతలి సీటు వైపు చూశాడు. కారు ముందునుంచి చుట్టూ తిరిగి ఎడమవైపు కిటికీ దగ్గరికి వచ్చి, బూట్లు టపీమనిపించి సెల్యూట్ చేసి, "రామ్ రామ్, సాబ్!" అన్నాడు. అవతలి జవాను కూడా పరుగున వచ్చి నిలబడ్డాడు. మఫ్లరు కిందికి జారింది. అంకుల్ కుడిచెయ్యి తిరుగు సెల్యూట్‌కని ఒళ్ళోంచి లేచింది, వణుకుతూ, ఆగి ఆగి, ఛాతీ దాటి, గడ్డం దాకా వచ్చింది. "రామ్ రామ్" అన్నారు ఆయన. ఆంటీ కళ్ళు తుడుచుకుంటూనే "డాక్టరు ఎత్తమంటే భుజం నొప్పంటారు గదా, మరిదేటి?" అని దెప్పారు.

ఆదివారం మీటింగులో సెక్రటరీ అంకుల్ నోరు తెరవకముందే నేను లేచి "ఆంటీ లైసెన్సు నేను చూశాను" అని గట్టిగా చెప్పి కూర్చున్నాను. ఆయనకు నిరాశ కలిగింది గానీ స్టిక్కరు నిలిచింది. అంకుల్ ఆ తరవాత స్టీరింగు అడగలేదు, ఆసుపత్రి మానలేదు. ఇప్పుడు గురుగ్రామ్‌లో నాకూ ఒక కారుంది, దానికి తగ్గ లైసెన్సూ ఉంది, ఎన్ని గేట్లు దాటినా అలాంటి గౌరవం నా బండికి మాత్రం దక్కలేదు. అప్పటి నన్ను తలుచుకుంటే నవ్వొస్తుంది. ఎందుకంటే ఆ గేటు దగ్గర, ఆ ఇద్దరు జవాన్లు నిటారుగా నిలబడ్డప్పుడు, ఎన్‌సీసీ మొహం కూడా చూడని ఈ తెనాలి పిల్ల వెనక సీట్లో తల పైకప్పుకి కొట్టుకునేలా నిక్కి కూర్చుని, కుడిచేతిలో టిఫిన్ డబ్బా ఉంది కాబట్టి, ఎడమచేత్తో సెల్యూట్ కొట్టింది. జవాను చూశాడు. నవ్వలేదు. నాక్కూడా "రామ్ రామ్, జీ" అన్నాడు.