లెక్కపెట్టని మంద

రాచర్ల దగ్గర గుట్ట కింద ఉన్న పల్లెలో గురమ్మను, నీ మందలో ఎన్ని గొర్రెలున్నాయని అడగడమంటే కయ్యానికి కాలు దువ్వడమే. జీవాలను లెక్కపెడితే దిష్టి తగులుతుందని ఆమె అత్తగారింటి కట్టు. అత్త లెక్కపెట్టలేదు, మొగుడు లెక్కపెట్టలేదు. మొగుడు పోయాక మందను తన నెత్తిన వేసుకున్న గురమ్మా లెక్కపెట్టలేదు. పొద్దుగూకే వేళ దొడ్డి వాకిట నిలబడి లోపలికి పోయే ఒక్కోదాని మొహం చూసుకుంటుంది. నల్లచెవులది వచ్చింది, కుంటిది వచ్చింది, కుంటిదాని కూతురు వచ్చింది. ఒక్కటి తగ్గినా ఇట్టే పట్టేస్తుంది. ఆ పనిలో ఆమెకు సాటి వచ్చేవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు, ఒప్పుకోవలసిందే. కాకపోతే మొహాలు చూస్తే తప్పిపోయింది తెలుస్తుంది గాని, మంద మితిమీరితే తెలియదు.

ఆ ఇంట్లో ఇంకో కట్టు కూడా ఉంది. పొట్టేళ్ళను అమ్ముతారు, ఆడజీవాన్ని మాత్రం కోతకు ఇవ్వరు. ఆడ గొర్రెపిల్ల పుడితే అది దొడ్డిలోనే పెరుగుతుంది, అక్కడే ఈనుతుంది, దాని కూతుళ్ళూ అక్కడే ఈనుతాయి. అత్త కాలంలో ఇది చెల్లింది. అప్పుడు తోడేళ్ళు తిన్నన్ని తినేవి, చిటుకు రోగం పట్టుకుపోయినన్ని పట్టుకుపోయేది, పుట్టినవాటికీ పోయినవాటికీ సరికి సరి. ఇప్పుడు తోడేళ్ళు లేవు. రోగానికి టీకాలున్నాయి. పైగా వరసగా వానలు బాగా పడి, ఏ గొర్రె చూసినా సూడితోనే ఉండేది. గురమ్మ మంద దారిలో నడుస్తుంటే ఆటోలు ఆగిపోవలసి వచ్చేది. ఆటోవాళ్ళు విసుక్కుంటే ఆమె లోలోపల మురిసిపోయేది.

టీకాలు వేసే డాక్టరమ్మ ముబాషిరా మార్కాపురం పిల్ల. సూదులు వేసి వేసి చెయ్యి నొప్పెట్టి, దొడ్డి గోడకు ఆనుకుని అన్నది:

"పెద్దమ్మా, లెక్క అడిగితే నీకు కోపమొస్తాది, అడగన్లే. ఈ గుట్ట ఎన్నిటిని సాకుతాదో అదన్నా చూసుకో. మందులేసి చావులు ఆపినాం. పుట్టేటియి పుడతానే ఉండాయి. గుట్ట మాత్రం పెరగలా గదా."

"మా తాతల కాన్నుంచి మేపుతుండాం. గుట్టకేమైందమ్మా?" అని గురమ్మ నవ్వేసింది.

గుట్టకేమైందో మరుసటి వేసవికి తెలిసింది. ఒక పక్కంతా జామాయిల్ తోట వేసి కంచె బిగించారు. మిగిలిన బీట్లో గొర్రెలు గడ్డి తిని, గడ్డి దుబ్బులు తిని, చివరికి వేర్లు గిట్టలతో గీరుకుని తిన్నాయి. మళ్ళీ మొలవడానికి నేలలో ఏదీ మిగల్లేదు. వాన పడవలసినప్పుడు పడలేదు.

కొడుకు వెంకటకృష్ణ పొద్దున్నే వచ్చి తల్లి ముందు కూర్చున్నాడు.

"మా, సగం తోలేద్దాం. సగమన్నా బతుకుతాయి."

"ఏ సగంరా?" అన్నది గురమ్మ. "చూపీ. ఏదాన్ని తోలాల్నో ఏల్తో చూపీ."

వాడు చూపలేకపోయాడు. అయినా వాడే ఫోను చేసి నౌషాద్‌ను పిలిపించాడు. నౌషాద్ మార్కాపురంలో మాంసం దుకాణం నడిపేవాడు, ఏళ్ళుగా ఆమె పొట్టేళ్ళను కొంటున్నవాడు. బండి వాకిట్లో పెట్టి మర్యాదగానే అడిగాడు.

"ఎన్ని తోలమంటావు అత్తా?"

గురమ్మ బండివైపు చూసింది. అంకె చెప్పాలి. ఆ అంకెలో ఆడజీవాలుండాలి. రెండు కట్లూ ఒక్క మాటతో తెగిపోవాలి. "మళ్ళొస్తువులే నాయనా" అని పంపేసింది. ఇక్కడే ఆమె మీద ఒళ్ళు మండుతుంది. కళ్ళముందు డొక్కలు లోపలికి పోతుంటే, కట్టు గొప్పదా జీవం గొప్పదా అని ఒక్కసారైనా అనుకోవద్దా! అనుకోలేదు. మళ్ళీ కబురు పెట్టేసరికి నౌషాద్ వచ్చి ఒకదాని వెన్ను తడిమి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఎముకలు ఎవురు కొంటారత్తా" అన్నాడు, బాధగానే.

ముందు పిల్లలు పోయాయి. పాలు లేని తల్లులు పొదుగు దగ్గరకు వచ్చిన పిల్లను కాలితో తన్నేవి. తర్వాత ముసలివి పోయాయి, ఆ తర్వాత సూడివి. గురమ్మ అప్పటికి ముబాషిరాకు కబురు పెట్టింది. డాక్టరమ్మ వచ్చి పడున్న గొర్రెల కనురెప్పలు ఎత్తి చూసింది. సంచీ తెరవలేదు.

"సూదెయ్యమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటా."

"రోగమైతే సూదుంది పెద్దమ్మా. ఇది ఆకలి."

గురమ్మ నేలమీద కూలబడి, మొగుడు పోయిననాడు కూడా ఏడవనంతగా ఏడ్చింది. ఏడుస్తూ, పోయినవాటి మొహాలను వరసగా చెప్పుకుంది. ముబాషిరా పక్కనే కూర్చుంది.

వాన ఆలస్యంగా వచ్చింది. వచ్చాక మాత్రం తెరిపి లేకుండా పడింది. కంచె ఇవతల బీడంతా పచ్చబడింది. గడ్డి నెమ్మదిగా మడమలు దాటింది, మోకాళ్ళకు వచ్చింది. తినే నోళ్ళు లేకపోతే గడ్డికేం, పెరుగుతుంది. బతికినవాటిలో పొట్టేలు దగ్గరకు పోయేది ఒక్కటీ లేదు. అవి ముందు ఒళ్ళు చేయాలి.

ఆ సాయంత్రం గురమ్మ అలవాటు ప్రకారం దొడ్డి వాకిట నిలబడింది. నల్లచెవులది వచ్చింది. కుంటిదాని కూతురు వచ్చింది. వాటి వెనక ఇంకొన్ని వచ్చి, దొడ్డిలో ఒక మూలన ఒదిగి నిలబడ్డాయి. ఇంకేమైనా వస్తాయేమోనని ఆమె దారివైపు చూస్తూ ఉండిపోయింది. తర్వాత తడిక వెయ్యడానికి లోపలికి తిరిగింది. కళ్ళు మూసుకుందామనుకుంది గాని అప్పటికే ఆలస్యమైంది. ఒక్క చూపులోనే, లెక్కపెట్టకుండానే, ఎన్నున్నాయో తెలిసిపోయింది.