ఉస్తాద్ జేబులో మౌత్‌పీస్

బగారన్నానికి లవంగాలు వేగిన వాసన వస్తే చాలు, నా నాలుక తనంతట తానే పైవరస ముందు పన్ను వెనక్కి వెళ్లి తడుముకుంటుంది. మొన్న బొంగులూరులో ఒక ఫంక్షన్ హాలు వెనక యూనిఫాం గుండీలు పెట్టుకుంటుంటే అదే వాసన, అదే తడుములాట. పన్ను ఉంది, గట్టిగానే ఉంది. మా బ్యాండువాళ్లు నన్ను చూసి నవ్వుతారు. వాళ్లలో సగం మందికి యాదయ్య ఉస్తాద్ తెలియదు. తెలిసి ఉంటే నాతో పాటు వాళ్లూ తడుముకునేవాళ్లు.

ఇబ్రహీంపట్నంలో నాకు క్లారినెట్ నేర్పింది ఆయనే. చిత్రమేమిటంటే, ఆయన ఊదగా నేను ఒక్కసారి కూడా వినలేదు. నేను చేరేనాటికే ఆయన నోరు లోపలికి పోయి, పెదాలు మడత పడిపోయాయి. పాటను గొంతుతో పాడి చూపిస్తే నేను ఊదాలి. క్లారినెట్ కొసకు ఉండే మౌత్‌పీస్ మీద పైపళ్లు ఆనితేనే స్వరం నిలుస్తుంది. ఆయన ముందు పళ్లు కదులుతున్నాయని రెండు పెళ్లిళ్ల మధ్య దొరికిన ఖాళీలో పీకించుకుని, ఇక గొడవ వదిలిందనుకున్నారట. రానురాను దవడ ఎముక కరిగిపోయింది. కట్టుడు పళ్లకు పట్టు దొరకలేదు. పై షడ్జం ఎత్తుకోగానే ఊడి వచ్చేవి. "బరాత్‌ల నాకంటె ముంగట నా పండ్లే డాన్స్ జేస్తుండె" అని నవ్వించేవారు.

ఒకనాడు ఆటోలోంచి సామాను దించుతుంటే పెద్ద డ్రమ్ము అంచు తగిలి నా ముందు పన్ను వేరు దాకా పగిలింది. నొప్పి కంటే నాకు ఆదివారం పెళ్లి గురించే బెంగ.

"పీకిచ్చుకొని వస్త ఉస్తాద్. ఆదివారం వరకు తయారుంట" అన్నాను.

"అవ్, నేను గూడ గిట్లనే అనుకున్న. జర నా మొకం సూడు" అన్నారు.

చూశాను. ఆయన నన్ను బండి వెనక ఎక్కించుకుని పళ్ల దవాఖానకు తీసుకుపోయారు. కట్టుడు పళ్లు సరిచేయమని ఆయన ఎన్నిసార్లు వెళ్లినా, ఎముక లేకపోతే ఏం చేయలేనని బాధపడిన డాక్టరమ్మ దగ్గరికే. ఆమెది కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం.

"పన్ను తీసేశాక అక్కడి ఎముకకి పనుండదండి. పని లేకపోతే కరిగిపోతుంది. ముందు పళ్ల దగ్గరైతే గోడ మరీ పల్చన" అని ఆమె నాకు చెప్పింది. "పన్ను తీసిన వెంటనే ఆ గుంటలో ఎముక పొడి నింపి కుట్టేస్తాను. అది గట్టిపడ్డాక కొత్త పన్ను పాతుకోవచ్చు."

ఉస్తాద్‌కు వెంటనే అర్థమైంది. ఖాళీ ప్లాటు చుట్టూ గోడ కట్టకుండా ఎవరూ నిద్రపోని ఊరు మాది. "అంటె జాగ కబ్జా గాకుండ ఇప్పుడే కాపాడుకోవాలె. కానియ్యి అమ్మా. నాకైతె ఆలస్యమైంది, వీనికి కావొద్దు" అన్నారు.

పన్ను తీసి, నింపి, కుట్లు వేశాక ఆమె జాగ్రత్తలు చెప్పింది. గట్టిగా ఉమ్మకూడదు. బీడీ, సిగరెట్ ముట్టకూడదు. తాను చెప్పేదాకా క్లారినెట్ ఊదకూడదు. చివరి మాట పూర్తికాకముందే ఉస్తాద్ చెయ్యి చాపారు.

"మౌత్‌పీస్ తియ్యి."

"నేను ఊదను ఉస్తాద్, ఒట్టు."

"వాద్యం జూసినంక ఒట్టు యాదికుంటదా? నాకు తెల్వదా?"

అది తన అంగీ జేబులో వేసుకున్నారు. మిగిలిన పళ్ల నొప్పికి ఆయన లవంగాలు దాచుకునే జేబు అది. నెలల తరబడి మౌత్‌పీస్ అక్కడే ఉంది. ఆ సీజనంతా మరొకతను నా పాటలు ఊదుతుంటే, నేను వెనక వరసలో తాళాలు కొట్టాను. ఏడుపొచ్చేది. కోపమూ వచ్చేది. నేనిక ఊదలేనేమోనని భయమేసేది. తల తిప్పితే ఉస్తాద్ జేబు మీద చెయ్యి పెట్టుకుని, కోడిపెట్ట పిల్లల్ని కాచినట్టు నన్నే కాస్తూ కనిపించేవారు.

ఎముక ఎట్లా ఉందో చూడడానికి డాక్టరమ్మ ఎక్స్‌రే ఫోటో తీసిన రోజు ఆయన కూడా వచ్చారు. "నా పాత ఫోటో గూడ దీని పక్కన పెట్టమ్మా" అన్నారు. తెర మీద ఆయన దవడ అరిగిపోయిన సబ్బుముక్కలా ఉంది. నాది నిండుగా, ఎత్తుగా నిలబడి ఉంది. ఆయన చాలాసేపు రెండింటినీ చూశారు. ఆయన మనసు ఏమవుతుందోనని నేను తల దించుకున్నాను. అంతలో నా వీపు మీద ఒక్క దెబ్బ పడింది.

"గెలిసినం రా శ్రీశైలం!"

దవాఖానలో అందరూ మా వైపు తిరిగారు. అంత సంతోషం నేను ఆ ముఖంలో అంతకుముందు చూడలేదు.

కొత్త పన్ను కుదురుకుని, డాక్టరమ్మ సరేనన్నాక, కందుకూరులో ఒక పెళ్లి ఎదుర్కోళ్లలో నన్ను మళ్లీ ముందు వరసలో నిలబెట్టారు. పెళ్లికొడుకు కారు దిగుతుండగా ఉస్తాద్ జేబులోంచి మౌత్‌పీస్ తీసి అంగీకి తుడిచి ఇచ్చారు. నోట్లో పెట్టుకుంటే అంతా లవంగాల ఘాటే. పై షడ్జం ఎత్తుకున్నాను. పన్ను కదల్లేదు. స్వరం నిలబడింది. నిలబడుతూనే ఉంది. పాట ముందుకు పోవాల్సిన చోట కూడా నేను దాన్ని వదల్లేదు. డోలు అతను కంగారుగా నా వైపు చూశాడు. ఉస్తాద్ మాత్రం కళ్లు మూసుకుని, బోసినోటితో, నా ఊపిరి అయిపోయేదాకా తానూ ఊపిరి బిగబట్టి నిలబడ్డారు.

ఆయన పోయారు. ఇప్పుడు నా అంగీ జేబులో కూడా నాలుగు లవంగాలు ఉంటాయి. ఏ పెళ్లికి వెళ్లినా ఆ పై షడ్జాన్ని అవసరానికి మించి కాస్త లాగుతాను. ఎందుకట్లా అని బ్యాండువాళ్లు విసుక్కుంటారు. పాటకు సరిపడా నేను ఊదుతాను, పైన లాగింది మా ఉస్తాద్‌కు నేను బాకీ పడ్డ ఊపిరి.