పెద్దనాయిన గుమ్మడి పాదు

మా పెరటి పందిరికి నిలబెట్టిన ఎండు వెదురు బొంగుల్లో నల్ల తుమ్మెదలు ఉండేవి. అవి తేనెటీగల్లా గుంపు కట్టవు. ఒక్కోటి ఒక్కో బొంగుకు గుండ్రంగా బొక్క పెట్టుకుని, తన పిల్లల్ని తానే సాకుతుంది. పత్తి మందుల దెబ్బకు మా ఊళ్లో తేనెటీగలు ఎప్పుడో మాయమయ్యాయి. పొద్దున్నే గుమ్మడిపూలలో దూరి, ఒళ్లంతా పసుపు పూసుకుని వచ్చేవి ఇవే. వాటి రొద వింటే తప్ప నాకు తెల్లారినట్టు ఉండేది కాదు.

గోడ అవతల ఇల్లు మా నాన్నకు అన్న, మా పెద్దనాయినది. గద్వాల చుట్టుపక్కల చాలామందిలాగే ఆయనా కంపెనీలకు విత్తనం కోసం సీడ్ పత్తి వేసేవాడు. ఆడవాళ్లమంతా ఆయన చేలో క్రాసింగ్‌కు పోయేవాళ్లం. సాయంత్రం మొగ్గలు చీల్చి లోపలి పుప్పొడి గిల్లేయాలి, పొద్దున వేరే రకం వరుస నుంచి పువ్వు తెచ్చి రుద్దాలి. తుమ్మెదలు ఎక్కడెక్కడి పుప్పొడో మోసుకొచ్చి విత్తనం చెడగొడుతున్నాయని ఆయన అనుమానం. ఓ రోజు మేం చేలో ఉండగా మా పెరట్లోకి వచ్చి, బొంగు బొంగుకూ కిరసనాయిలు పోసి, బొక్కలు మట్టితో మెత్తేశాడు. ఇంటికొచ్చి చూసి, ఇదేం పనని అడిగాను.

"పురుగుల కోసం గూడ ఏడుస్తరానె?" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఈ మనిషి ఏడవాలి, నేను కళ్లారా చూడాలి అనుకున్నాను.

ఆయన గొప్పంతా పెంటకుప్ప మీది గుమ్మడి పాదుతోనే. దసరాకు వాడలో ఇంటింటికీ ఓ కాయ పంపి, ఉగాది దాకా ఆ మాటే చెప్పుకునేవాడు. తుమ్మెదలు లేని ఆ ఏడు పూలు విరగబూశాయి గానీ ఒక్క పిందె నిలవలేదు. నేను మాత్రం రోజూ మగపువ్వు తెంపి, పిందె ఉన్న పువ్వుకు రుద్ది నా పాదు కాపాడుకున్నాను. అది చూసి ఆయనా మొదలుపెట్టాడు. గట్టు మీద నిలబడి మామీద అరవడమే తప్ప ఏనాడూ పువ్వు ముట్టని మనిషి. పత్తిలో చూసిందే ఇక్కడా చేశాడు. సాయంత్రం కనబడ్డ ప్రతి మొగ్గా చీల్చి లోపలిది గిల్లేశాడు. పత్తిపువ్వులో ఆడా మగా ఒకే చోట ఉంటాయి, గుమ్మడికి వేర్వేరు పూలు. తెల్లారి రుద్దుదామంటే పాదు మొత్తంలో పుప్పొడే లేదు.

గోడకు మోచేతులు ఆనించి రోజూ చూశాను. ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు. కడుపు చల్లగా ఉండేది.

పండగ ముందు ఆయనే గోడ దగ్గరికొచ్చాడు. "నేను గూడ నీ లెక్కనే చేసిన గద, నీ పాదుకే ఎట్ల కాసినయే బిడ్డా? జర నాకు గూడ చెప్పరాదు?"

"తెల్వదు పెద్దనాయినా" అన్నాను.

దసరానాడు కాయలు గంపకెత్తుకుని వాడంతా పంచాను. పెద్దనాయినకూ ఒకటి ఇమ్మంది అమ్మ. ఆయన అరుగు మీద కూర్చుని నా గంపనే చూస్తున్నాడు. నేను దగ్గరికి రాగానే లేచి, కండువా సర్దుకుని, రెండు చేతులూ చాచాడు. నేను పక్కింటి తలుపు కొట్టాను.