కాదనలేని పాక్ తర్వోకో

జావా దీవిలోని కోటగెదె చరిత్రలో ముఖ్యఘట్టాలు రెండు. మొదటిది మాతరం వంశపు రాజులు ఇక్కడ రాజధాని కట్టుకోవడం. రెండోది, బు వుర్యాని చెడిపోయిన కంప్యూటర్ ప్లగ్గు పీకి, ఒకటి నుంచి ముప్ఫై దాకా పైకి లెక్కపెట్టి, మళ్ళీ పెట్టే అలవాటు మొదలుపెట్టడం. మొదటిదానికి సాక్ష్యంగా సమాధులున్నాయి, కోటగోడలున్నాయి. రెండోదాని తారీఖు ఇంకా ఎవరూ తేల్చలేదు గాని, దానివల్ల బాగుపడ్డ ఇళ్ళే ఎక్కువ.

బు అంటే అమ్మగారు, పాక్ అంటే అయ్యగారు; ఇక్కడ పెద్దల పేర్ల ముందు పెట్టే మర్యాద. బు వుర్యాని ఇరవయ్యెనిమిదేళ్ళు బళ్ళో టైపు నేర్పింది. ఒక వేసవిలో టైపుమిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చాయి. తోటి పంతుళ్ళు బదిలీ అడిగారు. ఈవిడ మాత్రం వాటితోపాటు వచ్చిన పుస్తకం అడిగింది. దాన్ని అట్ట నుంచి అట్ట దాకా చదివిన మనిషి పేటంతటికీ ఆవిడొక్కతే. అందుకని రిటైరయ్యాక, మోటార్‌సైకిలు దిగి నడిపించుకుపోవలసినంత ఇరుకైన ఆ సందుల్లో ఏ కంప్యూటర్ మూలిగినా కబురు ఆవిడకే వెళ్ళేది. ఫీజు ఒక పొట్లం కిపో. లోపల తీపికొబ్బరి కూరిన ఆ ఆకుపచ్చ బిళ్ళల విషయంలో ఆవిడ ఎన్నడూ బేరమాడలేదు.

ఆ గురువారం మధ్యాహ్నం కబురు పంపినవాడు పాక్ తర్వోకో. వెండిపని మానేశాక పేటలోని క్రోంచోంగ్ అనే తీగవాద్యాల పాటల బృందంలో, పెద్ద ఫిడేలులాంటి చెలో వాయిస్తున్నాడు. ఎనిమిదేళ్ళు కూర్చుని, బృందం ఏళ్ళ తరబడి వాయిస్తున్న పాటలన్నిటికీ స్వరలిపి రాశాడు. మొత్తం రెండువందల పద్నాలుగు. ఆయనకు అలవాటైన ప్రోగ్రాం పాతకాలపు విండోస్ మీద తప్ప నడవదు. అందుకని బు వుర్యానే అప్పట్లో కంప్యూటర్ లోపల ఉత్తుత్తి కంప్యూటర్ ఒకటి, అంటే వర్చువల్ మెషీన్, తయారుచేసి పాత విండోస్‌ని అందులో కాపురం పెట్టించింది. ఆదివారం సాయంత్రం పేట భవనంలో కచేరీ. ఇప్పుడు అందులో కనబడుతున్నవి తొమ్మిది పాటలు.

ప్లగ్గు పీకడం, ముప్ఫై లెక్కపెట్టడం యథావిధిగా జరిగాయి.

“తొమ్మిదేనండీ,” అన్నాడు పాక్ తర్వోకో, ఆస్పత్రి వరండాలో నిలబడ్డట్టు.

“ఇది మిమ్మల్ని ఏమైనా అడిగిందా, పాక్?”

“మంగళవారం బిగుసుకుపోయిందండీ. తరవాత చాలా అడిగింది.”

“మీరేమన్నారు?”

“అవునన్నాను.”

“దేనికి?”

“అన్నిటికీ.”

“చదవకుండానే?”

“అంత మర్యాదగా అడుగుతుంటే మొహమ్మీద కాదని ఎలా అంటామండీ!”

టీ తెచ్చిన ఆయన భార్య బు లస్మి గ్లాసులు ఠపీమని పెట్టింది. “ముప్ఫయ్యారేళ్ళ కాపురంలో నేనడిగినదానికి ఒక్కసారీ అవునన్న పాపాన పోలేదు. ఈ డబ్బా ఎంత పుణ్యం చేసుకుందో!”

బు వుర్యాని నవ్వలేదు. నిజానికి ఆవిడ కూడా జన్మలో ఎవరినీ కాదనలేదు. ఎవరేమడిగినా “ఇంకా లేదండీ”, “చూద్దాం లెండి” అనేది. ఆ తెర మీద అవును, కాదు అని రెండే మీటలు. చూద్దాం లెండి అనే మీట పెట్టాలని దాన్ని తయారుచేసినవాళ్ళకి పెద్దలెవరూ నేర్పలేదు.

పాత స్థితికి వెళ్ళమంటారా అని మెషీన్ అడిగితే ఈయన సరేనన్నాడు. ఆ పాత స్థితి, ఏదైనా చెడితే పనికొస్తుందని మొదట్లో ఆవిడ చేత్తో తీసిపెట్టిన నకలే. అప్పటికి ఆయన రాసినవి తొమ్మిది పాటలు. అది గుర్తొచ్చేసరికి ఆవిడ నోట్లో టీ చేదెక్కింది.

ఇంకేం తోచక ఆ మెషీన్ ఫోల్డరు ఎంత జాగా తింటోందో చూసింది. చూసి కళ్ళజోడు సర్దుకుంది.

“తొమ్మిది పాటలకి నలభై గిగాబైట్లా? ఇద్దరే ఉన్న ఇంట్లో పూటకి కుంచెడు బియ్యం ఉడుకుతోందంటే, లోపల ఎవరో దాక్కున్నట్టే.”

సరిగ్గా అప్పుడే తెర మీద ప్రశ్న మొలిచింది: డిస్కులో జాగా తక్కువుంది, వాడకంలో లేని నకళ్ళు తొలగించమంటారా?

పాక్ తర్వోకో చెయ్యి దానంతటదే మౌస్ మీదకి వెళ్ళింది. బు వుర్యాని ఆ చేతి మీద ఫట్‌మని ఒక్కటిచ్చింది.

పరాయి మగాడిని కొట్టిన సంగతి తెలిసి ఆవిడే బిత్తరపోయింది. “అయ్యో, క్షమించండి!”

“పరవాలేదు బు, ఇంకోటి వెయ్యండి,” అంది బు లస్మి.

“పాక్, మీరే కాదనండి. చదివి మరీ అనండి.”

“నేనా?”

“మీరే. రేపు నేను పక్కన ఉండను.”

ఆయన ప్రశ్న రెండుసార్లు చదివాడు. గొంతు సవరించుకుని, తల కాస్త వంచి, “ఏమనుకోకండి,” అని తెరకి చెప్పుకుని, కాదు నొక్కాడు. అది ఏమీ అనుకోలేదు.

అప్పుడు ఆవిడ నకళ్ళ పట్టిక తెరిచింది. పైన తను తీసింది. దాని కింద మంగళవారం తారీఖుతో మరొకటి.

“ఇదెవరు తీశారు?”

“వెనక్కి వెళ్ళేముందు ఇప్పుడున్నది దాచమంటారా అని కూడా అడిగిందండీ.”

“అడిగితే?”

“అవునన్నాను కదా, అన్నిటికీ.”

తెరిస్తే లోపల పాటలు వరసగా దిగాయి. పాక్ తర్వోకో వేలు పెట్టి ఒక్కొక్కటే లెక్కపెట్టుకున్నాడు. రెండువందల పద్నాలుగు దగ్గర ఆగి, కుర్చీలో వెనక్కి వాలాడు. బు లస్మి ఆయన గ్లాసు చల్లారిందని తీసుకెళ్ళి వేడి టీ పోసి తెచ్చింది. ఈసారి ఠపీమనలేదు.

శుక్రవారమంతా ప్రింటర్ ఆడింది. శనివారం పాక్ తర్వోకో బృందంలోని ఏడుగురికీ ఏడు ప్రతులు నీలం అట్టలేసి కుట్టించాడు. ఆదివారం సాయంత్రం పేట భవనంలో ఏడు స్టాండ్ల మీద ఏడు పుస్తకాలు ఒకేసారి తెరుచుకున్నాయి. ముందువరసలో కూర్చున్న బు వుర్యానిని చూసి పాక్ తర్వోకో తల వంచాడు. కచేరీ ఒక్క స్వరం తప్పకుండా సాగింది.

బృందంలో మిగిలిన ఆరుగురికీ స్వరలిపి చదవడం రాదు.