గరుకు అక్షరాలు

పద్మారావు నగర్‌లోని మా ఫ్లాటులో వారం రోజులుగా తలుపులకు పాలిష్ పని నడుస్తోంది. వడ్రంగి గరుకు కాగితాన్ని మడిచి చెక్క మీద పైకీ కిందికీ రుద్దుతుంటే వచ్చే ఆ బరబర చప్పుడూ, గదుల నిండా లేచే ఆ చెక్కపొడి వాసనా మా ఇంట్లో ఎవరికీ పడటం లేదు. మా ఆయన తుమ్ముకుంటూ బాల్కనీలోకి పారిపోతున్నారు. నేను మాత్రం టీ కప్పు పట్టుకుని ఆ తలుపు పక్కనే కుర్చీ వేసుకుంటున్నాను. నిన్న ఆ వడ్రంగి కొత్త కాగితం చింపగా మిగిలిన ముక్క ఒకటి నేల మీద కనిపిస్తే తీసుకుని, దాని మీద చూపుడు వేలితో మెల్లగా 'అ' దిద్దాను. "మేడం, వేలు గీరుకుంటది, పడెయ్యున్రి" అన్నాడతను. గీరుకోవాలనే దిద్దుతున్నానని చెబితే నాకేదో అయిందనుకుంటాడని ఊరుకున్నాను. ఆ గరుకుదనం వేలికి తగిలితే చాలు, నాకు షహనాజ్ ఆపా వచ్చి పక్కన కూర్చున్నట్టే ఉంటుంది.

ఆపా అంటే అక్క. బళ్ళో పెద్దా చిన్నా టీచర్లందరం ఆమెను అలాగే పిలిచేవాళ్ళం. పదకొండేళ్ళ క్రితం నాకు సికింద్రాబాద్‌లో ఒక సర్కారు ప్రాథమిక పాఠశాలలో ఉద్యోగం వచ్చింది. అప్పటికే ఆపాకి యాభై దాటాయి. జనగామ వైపు నుంచి వచ్చిన మనిషి. సన్నగా, పొట్టిగా ఉండేది. కళ్ళజోడు ఎప్పుడూ ముక్కు కొస మీదే, కోపం కూడా అక్కడే. మా వాళ్ళు గుంటూరు నుంచి వ్యాపారం కోసం ఇక్కడికొచ్చి స్థిరపడినవాళ్ళు కాబట్టి నా మాట ఆమెకు వింతగా ఉండేది. "నీ తెలుగు రేడియోల వార్తల లెక్కుంటది సుజాతా. పిల్లలకు సమజ్ గావాలె గద, జెర కిందికి దిగు" అని అందరి ముందూ ఏడిపించేది. నాకు ఒళ్ళు మండేది. బీఈడీలో యూనివర్సిటీ ర్యాంకు తెచ్చుకున్నదాన్ని, నాకొకరు నేర్పేదేమిటని అప్పట్లో నా ధీమా.

ఆ ధీమా నెల తిరక్కుండానే దిగిపోయింది. తల్లిదండ్రుల సమావేశం రోజున నా ఐదో తరగతిలో మౌనిక అనే పిల్లను ముందుకు పిలిచి పాఠం చదవమన్నాను. మౌనిక నా తరగతికే గొప్ప. పుస్తకం రెండు చేతులతో పట్టుకుని, ఎక్కడా తడబడకుండా, గొంతు ఎత్తాల్సిన చోట ఎత్తి, దించాల్సిన చోట దించి రాగం తీసినట్టు చదివేది. ఆ రోజూ అలాగే చదువుతోంది. వాళ్ళమ్మ సత్తెమ్మ మోండా మార్కెట్‌లో కూరగాయలు అమ్ముతుంది. బేరం వదిలేసి వచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మురిసిపోతోంది. గుమ్మంలో నిలబడి చూస్తున్న ఆపా మెల్లగా లోపలికి వచ్చి, మౌనిక చేతిలోని పుస్తకంలో నాలుగు పేజీలు ఒక్కసారిగా తిప్పింది. మౌనిక ఆగలేదు. పాత పాఠాన్నే అదే రాగంతో, కళ్ళు కొత్త పేజీ మీదే పెట్టి, చివరిదాకా అప్పజెప్పేసింది. తల్లిదండ్రులు చప్పట్లు కొట్టారు. ఆపా కొట్టలేదు. నేను చప్పట్లకు ఎత్తిన చేతులు దించేశాను.

బడి వదిలాక ఆపా మీదికి వెళ్ళాను. "అంతమంది ముందు పిల్ల పరువు తీయాలా మీరు?" అన్నాను.

"ఎవ్వరికి తెల్వలే, నీకూ నాకూ తప్ప. పరువు యాడ బోయింది?" అంది. తర్వాత గొంతు తగ్గించి, "ఐదేండ్ల సంది గా పిల్ల చెవులతోటి చదువుతున్నది సుజాతా. కండ్లతోటి ఒక్క ముక్క రాదు. క్లాసు మొత్తం కలిసి గట్టిగ చదివిస్తం గద మనం, గా లొల్లిల దాక్కున్నది. మనమే దాచినం" అంది.

ఆమె అన్నది నిజమే. మా బళ్ళల్లో చదివించడమంటే అదే. ఒకరు చెబితే నలభై మంది వెనక నుంచి అరవడం. గుణింతమైనా అంతే, పాట. మర్నాడు మౌనికను పక్కకు పిలిచి పలక మీద 'కె' రాసి ఇదేమిటని అడిగాను. పాపం, పెదాలు కదుపుతూ క, కా, కి, కీ అని మొదటి నుంచి లెక్క పెట్టుకుంటూ వచ్చి, దారిలో తప్పిపోయి, నా ముఖం వైపు చూసింది. ఆ చూపులో తెలివితక్కువతనం లేదు, భయం ఉంది. ఐదేళ్ళుగా ఏ రోజు దొరికిపోతానో అని భయపడుతున్న పిల్ల అది.

తెలివి ఉన్నా అక్షరాలు పట్టుబడని ఈ ఇబ్బందికి డిస్లెక్సియా అని పేరుందని నాకు బీఈడీలో చెప్పారు, పరీక్షలో ఐదు మార్కులకు రాశాను కూడా. ఆపాకి మాత్రం ఆ పేరు చాలా ఆలస్యంగా, ఏదో మూడు రోజుల శిక్షణలో తెలిసింది. ఆ ఇబ్బంది పడ్డ మనిషి ముందే తెలుసు. ఆమె తమ్ముడు ఖాదర్ చిన్నప్పుడు చదవలేక బళ్ళో దెబ్బలు తిని, ఏడో తరగతిలో మానేసి ఫర్నిచర్ పాలిష్ పనిలో చేరాడు. "వాడు చెక్కను ముట్టుకుంటె ఏ చెట్టుదో చెప్తడు. అసుంటోన్ని మొద్దు అన్నరు. నేను సుత అట్లనే అన్న" అనేది. ఆ చివరి మాట అనేటప్పుడు కళ్ళజోడు తీసి తుడుచుకునేది. కనుక మౌనిక విషయంలో ఆపా పట్టుదల ఎక్కడి నుంచి వచ్చిందో నాకు వేరే చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

ఇలాంటి పిల్లలు బడి మొత్తంలో ఐదుగురు తేలారు. రోజూ నలభై నిమిషాలు వీళ్ళను విడిగా కూర్చోబెట్టి చదవడం నేర్పుతామని ఆపా హెడ్మాస్టరు గారిని అడిగింది. గది లేదన్నారు. టైం టేబుల్‌లో చోటు లేదన్నారు. ఆపా పదకొండు రోజులు వరుసగా ఆయన బల్ల ముందు అదే మాట అడిగింది, పన్నెండో రోజున ఆయన మధ్యాహ్న భోజనం బియ్యం ఉంచే స్టోరు గది తాళం చెవి తీసి ఇచ్చేశారు. ఖాదర్ భాయ్ గరుకు కాగితంతో అక్షరాలు కోసి అట్టల మీద అంటించి రేకు పెట్టెలో సర్ది తెచ్చాడు. ఒక్కో వంపూ అంత కచ్చితంగా కోసిన మనిషి, అట్ట ఒకటి ఎత్తి చూపించి "ఇది ఏ అక్షరం ఆపా?" అని అడిగితే నేను తల తిప్పుకున్నాను.

ఆపా పద్ధతిలో మాయలేవీ లేవు. రోజుకు ఒకటో రెండో అక్షరాలు. శబ్దం పలుకుతూ ఆ గరుకు మీద వేలితో దిద్దాలి. తర్వాత కళ్ళు మూసుకుని దిద్దాలి. నిన్నటిది గట్టిపడితేనే ఇవాళ్టిది. గుణింతం పాటకు మా గదిలో ప్రవేశం లేదు, అక్షరాలన్నీ కలగాపులగంగా ఇచ్చేది. అన్నిటికంటే తమాషా ఏమిటంటే, అర్థం లేని మాటలు రాసి చదివించేది. 'టిగోపు', 'మెలుచా', 'బూదికె'. వీటిని ఎవరూ బట్టీ పట్టి ఉండరు కదా. బియ్యం బస్తాల మీద కూర్చుని ఐదుగురూ ఆ పిచ్చి మాటలు కూడబలుక్కుని, చదవగానే పడీపడీ నవ్వేవాళ్ళు. కొన్నాళ్ళకు మౌనిక నన్ను 'మెలుచా టీచర్' అని పిలవడం మొదలుపెట్టింది. పక్కనే ఆపా ఏమీ ఎరగనట్టు అట్టలు సర్దుకునేది.

అయితే ఈ చదువు నత్తనడక. పాటలాగా గడగడా చదివే కూతురు ఇప్పుడు ఇంటికెళ్ళి రెండు మాటలు చదవడానికి ఆపసోపాలు పడుతుంటే సత్తెమ్మకు కడుపు మండిపోయింది. ఒకరోజు బడికొచ్చి మా ఇద్దరినీ దులిపేసింది. "మంచిగ చదివే పిల్లను ఖరాబు జేసిన్రు. నా బిడ్డ మొద్దా, బియ్యం బస్తాల కాడ కూసోబెడ్తిరి? ఎండకాలం దాక చూస్త. గప్పటికి రాకుంటె ఇగ బడి బంద్, నాతోని మోండాకు తోల్కపోత." ఆమె ఉత్తినే బెదిరించే మనిషి కాదు. అట్నుంచి అటే విద్యాశాఖ ఆఫీసుకు వెళ్ళి ఫిర్యాదు ఇచ్చింది. ఆరో తరగతికి వెళ్ళాల్సిన పిల్ల తక్కెడ ముందు కూర్చుంటుందేమోనని నాకు ఆ చలికాలమంతా భయంగానే ఉంది. ఆపా మాత్రం "తల్లి గద, ఆమె తక్లీఫ్ ఆమెది. మన పని మనం చేద్దాం" అని అట్టలు పంచేది.

మార్చి మొదట్లో ఒక అధికారి వచ్చారు. సత్తెమ్మను కూడా పిలిపించారు. స్టోరు గది గుమ్మంలో నిలబడి బస్తాలనూ పిల్లలనూ చూసి, సంచిలోంచి టైపు చేసిన ఉత్తర్వు తీసి హెడ్మాస్టరు గారికి ఇచ్చారు. అది చదివిన హెడ్మాస్టరు గారి ముఖం చూస్తేనే నాకు విషయం అర్థమైంది. చదువు రాని సత్తెమ్మ ముందుకొచ్చి, "గండ్ల ఏం రాసిన్రు సారూ?" అని అడిగింది. హెడ్మాస్టరు గారు చెప్పబోతుంటే ఆపా చెయ్యి చాచి ఆ కాగితం తీసుకుంది.

"ఫిర్యాదు ఆమెది, సార్. ఆమె బిడ్డనే చదివి చెప్తది" అంది. కాగితం మౌనిక చేతిలో పెట్టి, "తొందర లేదు బిడ్డా. వేలు పెట్టి చదువు" అంది.

మౌనిక వేలు పెట్టింది. "ప్ర... ధా... ప్రధా... నో..." అని అక్కడ ఆగిపోయింది. అంత పొడుగు మాట మేము ఎప్పుడూ ఇవ్వలేదు. గదిలో ఎవరూ కదలడం లేదు. అధికారి గడియారం చూసుకున్నారు. ఇక ఆగలేక ఆ మాట అందించేద్దామని నేను నోరు తెరిచాను. ఆపా నా వైపు చూడకుండానే చూపుడు వేలు పైకెత్తింది. నోరు మూసుకున్నాను. మౌనిక మొదటి నుంచి మళ్ళీ మొదలుపెట్టింది. "ప్రధా... నోపా... ధ్యా... ప్రధానోపాధ్యాయులకు." గట్టిగా ఊపిరి తీసుకుని ముందుకు వెళ్ళింది. ఐదుగురు విద్యార్థులను వేరే గదిలో కూర్చోబెట్టి బోధించుట వెంటనే నిలిపివేయవలెను అన్న చివరి మాటదాకా, రాగం లేకుండా, ఒక్కో ముక్కా విరిచి చదివింది. చదివి కాగితం దించి అధికారిని చూసింది.

"అంటె మా క్లాసు బంద్ చేస్తరా సార్?"

ఆయన ఆ ఉత్తర్వును మౌనిక చేతిలోంచి తీసుకుని ఒకసారి చూసుకున్నారు. తర్వాత, "ఈ పాపకు ముందే ఎవరైనా నేర్పించి..." అని మొదలుపెట్టి మధ్యలోనే ఆగిపోయారు. ఆ కాగితం ఆయన సంచిలోంచే వచ్చింది మరి.

సత్తెమ్మ కళ్ళు ధారలు కడుతున్నాయి. "గిది పాట గాదు సారూ. నా బిడ్డ చదివింది, నా చెవులతోటి ఇన్న. నా ఫిర్యాదు నాకియ్యున్రి" అంది. అధికారి నవ్వేశారు. పెన్ను తీసి ఉత్తర్వు కింద ఏదో గిలికి సంతకం పెట్టారు. ఆపా దాన్ని మళ్ళీ మౌనికకే ఇచ్చి "గిది సుత చదువు" అంది. మౌనిక కాగితాన్ని ఇటు తిప్పి అటు తిప్పి, "సార్ రాత మంచిగ లేదు టీచర్" అంది. గది గదంతా గొల్లుమంది. ఆఖరికి కూడబలుక్కుని చదివింది, "కొనసాగించవచ్చు" అని. నేను పదిమందిలో ఉన్నానని మరిచిపోయి ఆపాను కావలించుకుని ఏడ్చేశాను. "ఏందమ్మా గిట్ల, పిల్లలు చూస్తున్నరు" అంటూనే ఆమె కూడా కళ్ళు తుడుచుకుంది.

జూన్‌లో మౌనిక హైస్కూలుకు వెళ్ళింది. ఆ అధికారే పక్క బళ్ళ నుంచి టీచర్లను పంపి మా గదిలో కూర్చోబెట్టారు. ఇప్పుడు మా చుట్టుపక్కల బళ్ళు చాలావాటిలో ఆ నలభై నిమిషాలు టైం టేబుల్‌లోనే ఉన్నాయి. మౌనిక నర్సింగ్ చదువుతోంది. ఇప్పటికీ నిదానంగానే, వేలు పెట్టే చదువుతుంది. మొన్న కలిసినప్పుడు "డాక్టర్ల రాత చూసి మా క్లాసోళ్ళు పరేషాన్ అయితరు టీచర్. నాకేం భయం లేదు, నేను గా సార్ రాత చదివిన గద" అంది. ఈ మాట వినడానికి ఆపా లేదు. రిటైరయ్యే రోజున ఆ రేకు పెట్టె నా చేతిలో పెట్టింది. రెండేళ్ళ క్రితం కన్నుమూసింది. పెట్టెలో అక్షరాలు పిల్లల వేళ్ళకు అరిగి అరిగి నున్నబడ్డాయి, అందుకే ఇవాళ వడ్రంగిని అడిగి నాలుగు కొత్త కాగితాలు తీసుకున్నాను.

పొద్దున నా గదిలో మూడో తరగతి పిల్ల ఒకతి మాట మధ్యలో ఆగిపోయింది. ఈ మధ్యే చేరిన కొత్త టీచరు నా పక్కన కూర్చుని ఉంది. పాపం, చాలాసేపు ఓపిక పట్టింది. చివరికి ఆ మాట అందించడానికి నోరు తెరిచింది. నేను ఆమె వైపు చూడకుండానే చూపుడు వేలు పైకెత్తాను. పిల్ల మొదటి నుంచి మళ్ళీ మొదలుపెట్టింది.