గాడిలో ఎండిన పసుపు

నా చిన్నప్పుడు మా ఇంట్లో దసరా పూజ అంటే కెమెరాకే. మా నాన్న భద్రాచలంలో పెళ్లిళ్లకు వీడియో తీసేవారు. ఇంకా క్యాసెట్ల రోజులవి. ఆ ఒక్క కెమెరా మీదే మా నలుగురి తిండీ, నా బడీ నడిచేవి. అందుకే ఆ పండక్కి దేవుడి పటాల పక్కనే కెమెరానూ, దాని స్టాండునూ పెట్టి బొట్లు పెట్టేవాళ్లం.

నాకు తొమ్మిదేళ్లు వచ్చిన ఏడాది ఆ పని నాకు అప్పగించారు. కెమెరా అడుగున మరతో బిగించే చిన్న ప్లేటు ఒకటి ఉంటుంది. దాన్ని స్టాండు తల మీదున్న గాడిలోకి జరిపి, పక్కనున్న లివర్ తిప్పితే కెమెరా కదలకుండా నిలబడుతుంది. నాన్న ఒక్క బొట్టు పెట్టమన్నారు. నాకేమో భక్తి పొంగుకొచ్చింది. అమ్మ గడపకు పూసినట్టు ఆ గాడి నిండా పసుపూ గంధమూ కలిపి మెత్తాను. పైన పెట్టిన బొట్లను మర్నాడు నాన్న తుడిచేశారు. లోపల మెత్తింది ఎవరికీ కనపడలేదు. అది అక్కడే ఎండి గట్టిపడింది.

కార్తీకంలో బూర్గంపాడులో పెళ్లి. దసరా తర్వాత వచ్చిన మొదటి పని అదే. ఆ రోజు బడి లేదు కాబట్టి పెళ్లి భోజనానికని నన్నూ వెంట తీసుకెళ్లారు. జీలకర్ర బెల్లం దాకా కెమెరా నాన్న భుజం మీదే ఉంది. తాళి కట్టేటప్పుడు బొమ్మ వణక్కూడదని స్టాండుకు పెట్టి, లివర్ తిప్పి, లైటు సర్దడానికి చెయ్యి వదిలారు. కెమెరా ముందుకు జారి గచ్చు మీద పడింది. అద్దం పగిలిన చప్పుడు అంత మేళంలోనూ నాకు వినపడింది.

ఈలోపే తాళి కట్టడం అయిపోయింది. పెళ్లికూతురి తండ్రి అరవలేదు. అరిచినా బాగుండేది.

"ఏంది తమ్మీ గిట్లాయె? నా బిడ్డ లగ్గం మళ్ల జేస్తనా నేను?" అన్నాడు.

"తప్పు నాదే అన్నా. సరిగ బిగియ్యలే" అన్నారు నాన్న తల దించుకుని.

మేం అన్నం తినకుండానే గోదావరి వంతెన దాటి ఇంటికొచ్చేశాం.

మర్నాడు పొద్దున ఆయన పెరట్లో గిన్నెడు నీళ్లతో కూర్చుని పాత పళ్ల బ్రష్షుతో ఆ గాడిని రుద్దుతున్నారు. దగ్గరికెళ్లి చూస్తే బ్రష్షంతా పసుపు. నేను మెత్తిందే అడ్డుపడి, ప్లేటు గాడిలో పూర్తిగా కూర్చోలేదన్నమాట. నాన్న నా మొహంలోకి ఒకసారి చూసి, మళ్లీ పనిలో పడ్డారు. అమ్మ లోపల్నుంచి, "ఎట్ల వడ్డదో తెల్సిందా?" అని అడిగింది. "నేనే సూస్కోలే" అంటూ ఆయన ఆ నీళ్లను మిరప మొక్క మొదట్లో పారబోశారు.

తర్వాత నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఉత్త ప్లేటును నా చేతికిచ్చారు. "లివర్ తిరిగిందని ఇడిచిపెట్టొద్దు బిడ్డా. గాడిల ఏమన్న ఉన్నదేమో సూడాలె. చెయ్యి తియ్యకముందు ఒక్కపారి మీదికి గుంజాలె." అయిదారుసార్లు నాచేత పెట్టించి, గుంజించారు. ఆ పసుపు మెత్తింది నేనే అన్న మాట మాత్రం నా నోట రాలేదు.

ఖమ్మంలో రిపేరు చేసేవాడు కెమెరాను చూసి ఇక పనికిరాదన్నాడు. పెళ్లిళ్లవాళ్లు నాన్నను పిలవడం మానేశారు. ఆయన పాల్వంచలో కూలికి కుదిరి, కెమెరా మోసిన భుజం మీదే సిమెంటు బస్తాలు మోశారు. సాయంత్రం బస్సు దిగి వస్తుంటే నేను ఎదురెళ్లేదాన్ని కాదు. ఆ భుజం చూడలేకపోయేదాన్ని.

చాలా ఏళ్లకు ఆయన దవాఖానాలో ఉన్నప్పుడు, ధైర్యం కూడదీసుకుని, "నాన్నా, ఆ దసరా నాడు..." అని మొదలుపెట్టాను. "పాత ముచ్చట్లెందుకు బిడ్డా, నీళ్లియ్యి" అన్నారు. ఇచ్చాను. మర్నాటికి ఆయనకు మాట పడిపోయింది. ఆ వారం దాటలేదు.

నన్ను కాపాడాననే అనుకుంటూ వెళ్లిపోయారు. నా మాట నా నోట్లోనే మిగిలింది, వినాల్సిన మనిషి లేడు. అందుకే మా పిల్లలు ఏది పాడుచేసినా నేను వెంటనే పోనీలే అనను. నేనే చేశానమ్మా అని వాళ్ల నోటితో చెప్పేదాకా ఆగుతాను. ఆ తర్వాతే దగ్గరికి తీసుకుంటాను.